కాలు వంచే మెషీన్: తెర మీద 95, మోకాలికి 78

కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయి పదకొండు నెలలైంది. డిశ్చార్జి రోజే సీపీఎం మెషీన్ మూడు వారాలకి అద్దెకి తెచ్చుకున్నాం, అదే, మంచం మీద పెడితే కాలిని దానంతట అదే వంచి చాచేది. మొదటి వారం నేను దాన్ని పొగిడిన పొగడ్త అంతా ఇంతా కాదు, ఆపరేషన్ కాబోతున్న మా బావగారికి ఫోన్ చేసి మరీ "ముందే చెప్పి పెట్టుకోండి" అన్నాను. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

నా కోపమంతా దాని తెర మీద పడే అంకె మీదే. రోజుకి కొన్ని డిగ్రీలు పెంచుకుంటూ పోతే పదిహేనో రోజుకి 95 చూపించింది. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలన్నారు కదా, ఇంకేం, గట్టెక్కేశాం అనుకున్నా. కుట్లు తీశాక ఇంటికొచ్చిన ఫిజియో అమ్మాయి కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలు మోకాలి పక్కన పెట్టి "అంకుల్, 78" అంది. మళ్లీ కొలవమన్నాను. మళ్లీ అంతే.

అప్పుడు తను మెషీన్ ఆన్ చేయించి పక్కన కూర్చుని చూసింది. మెషీన్ మడత పడే చోటు నా మోకాలి దగ్గర లేదు, నాలుగు వేళ్లు కిందగా పిక్క దగ్గర ఉంది. తొడ కింద రాడ్డు నాకంటే ముందు వాడిన ఎవరో పొడుగాటి మనిషి కొలతకే ఉండిపోయింది, బిగించిన కుర్రాడు మార్చలేదు, మార్చాలని మాకు తెలిస్తే కదా. మెషీన్ వంగినప్పుడల్లా నా తుంటి పైకి లేచి ఆ మిగతా డిగ్రీలు సర్దేస్తోందట. రెండు వారాలు హాయిగా పడుకుని సంతోషించిన అంకె అది!

కాలు పూర్తిగా చాచుకోకపోవడం ఇంకో తలనొప్పి. రాత్రుళ్లు సలుపుకి మోకాలి కింద దిండు పెట్టుకున్నా, హాయిగా ఉండేది, అది తప్పని తర్వాత తెలిసింది. చివరికి పనిచేసింది చుట్టిన తువ్వాలు. మడమ కింద అది పెట్టి మోకాలిని గాల్లో వదిలేసి పది నిమిషాలు ఉంటే కళ్లలో నీళ్లొచ్చేవి. డాక్టరు చెప్పినట్టు నొప్పి మాత్ర ఫిజియోకి ముందు వేసుకుని, అయ్యాక ఐస్ ప్యాక్‌ని నూలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టుకునేవాణ్ణి. విజయవాడ ఏప్రిల్‌లో ఆ పావుగంట కోసమే వ్యాయామం చేశానంటే నమ్మండి.

మెషీన్‌ని అన్యాయంగా తీసిపారేయను. పొద్దున్నే కాలు కర్రలా బిగుసుకుపోయి ఉన్నప్పుడు, 60 దగ్గర పెట్టి ఇరవై నిమిషాలు మెల్లగా ఆడిస్తే వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లగలిగేవాణ్ణి. మా ఆవిడకి నడుం నొప్పి, నా కాలు పట్టి వంచేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, ఫిజియో వారానికి మూడు రోజులే. అందుకని మళ్లీ అవసరమైతే మూడు వారాలు కాకపోయినా ఓ వారానికి తెచ్చుకుంటానేమో. రోజూ ఫిజియో వచ్చే ఇల్లయితే ఆ అద్దె వాళ్లకే ఇవ్వడం మేలనిపిస్తుంది. ఈమధ్య చాలామంది డాక్టర్లు దీన్ని అందరికీ రాయడం కూడా లేదు. నాకిప్పుడు 112 వంగుతోంది, గంటసేపు కూర్చుని లేస్తే మాత్రం మొదటి నాలుగడుగులు ఇంకా పట్టేస్తాయి.

మెషీన్ తీసుకెళ్లడానికి అదే కుర్రాడు వచ్చాడు, ఇక్కణ్నించి నేరుగా పటమటలో ఇంకో పేషెంటు దగ్గరికట. "ముందు ఆయన తొడ పొడవు కొలువు బాబూ" అన్నాను. ఫోన్ చూసుకుంటూనే తలూపాడు.