ఆర్థో పీజీ సీటు కోసం చూసిన రెండు కళాశాలలు

వైద్య పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో ర్యాంకు వచ్చాక, కావలసిన కళాశాలలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందే ఆర్థోపెడిక్స్ (ఎముకలు, కీళ్ల వైద్యం) విభాగాలను కళ్లారా చూడాలని నేను, నాన్నగారు పాలకొల్లు నుంచి బయలుదేరాం. ఎం.ఎస్. ఆర్థో మూడేళ్ల చదువు. ఆ మూడేళ్లలో చేతికి పని నేర్పే చోటేదో, పుస్తకంలో సంతకాలు మాత్రమే పెట్టించే చోటేదో కౌన్సెలింగ్ జాబితా చూస్తే తెలియదు. రెండు కళాశాలల పేర్లూ రాయడం లేదు. ఒకచోట మాకు అవమానం జరిగింది, రెండోచోట నన్ను లోపలికి రానిచ్చిన పీజీ విద్యార్థులకు నావల్ల మాట రాకూడదు.

సిద్ధాంతం, జొన్నాడ వంతెనలు దాటి రాజమహేంద్రవరం చేరేవరకు ప్రయాణం హాయిగా సాగింది. లాడ్జి మాత్రం మోసం. రాత్రికి 1,450 రూపాయలని ఫోనులో చెప్పి, గదిలో సామాను దించాక ఏసీకి మరో 300 అడిగారు. నాన్నగారు ఎంత వాదించినా లాభం లేకపోయింది. ఆ కోపంతో ఆయన భోజనం కూడా చేయకుండా పడుకున్నారు. గది తీసుకునేవారు మొత్తం అద్దెను ముందే రసీదుపై రాయించుకోండి.

మరునాడు ప్రైవేటు కళాశాలకు వెళ్లాం. అద్దాల భవనం, పచ్చిక, లిఫ్టులు చూసి నాన్నగారి ముఖం వికసించింది. రెండు గంటలు కూర్చోబెట్టాక పిలిచిన అధికారి నా వైపు చూడకుండా, "అమ్మాయికి ఆర్థో ఎందుకండీ? సుత్తి, రంపం పట్టే పని. గైనిక్ గానీ, డెర్మా గానీ చూడండి" అని నాన్నగారికి చెప్పారు. ర్యాంకు నాది, ప్రశ్నలు నావి. అయినా హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి 1,65,000 అనీ, మధ్యలో మానేస్తే తిరిగి ఇచ్చేది లేదనీ కూడా ఆయనకే వివరించారు. నేను అడిగింది ఒక్కటే, గత నెల ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్. బయటివారికి చూపించేది లేదన్నారు.

వార్డు చూడనిచ్చారు. దుప్పట్లు మడత నలగలేదు. ఒక్క మంచానికీ విరిగిన కాలును లాగి ఉంచే ట్రాక్షన్ బరువు వేలాడటం లేదు, కాలును కదలకుండా పట్టే థామస్ స్ప్లింట్ చట్రం ఒక్కటీ కనబడలేదు. ప్లాస్టర్ గది నేలపై ఒక్క తెల్లచుక్క లేదు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కట్లు వేసే గదిలో నేల అంత శుభ్రంగా ఉందంటే అక్కడ కట్లు వేయడం లేదనే అర్థం. రెండో సంవత్సరం పీజీ ఒకరు, పాల్గొన్న ఆపరేషన్లు నమోదు చేసే తన లాగ్‌బుక్ చూపించారు. అసిస్ట్ చేసినవి, పర్యవేక్షణలో చేసినవి, సొంతంగా చేసినవి అనే మూడు వరుసలూ ఒకే పెన్నుతో, ఒకే విడతలో రాసినట్టు నిండి ఉన్నాయి. విరిగిన తొడ ఎముక లోపల వేసే కడ్డీ (నెయిల్) ఇంతవరకు ఒక్కటి కూడా తన చేతితో వేయలేదని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. గేటు బయటికి వచ్చాక నాన్నగారు, "ఆ అధికారి నీతో మాట్లాడకుండా నాతో ఎందుకు మాట్లాడాడు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన నాకు రోజ్‌మిల్క్ కొనిపెట్టి, తాను తాగకుండా కూర్చున్నారు.

రెండోది మరో పట్టణంలోని ప్రభుత్వ బోధనాసుపత్రి. విభాగాధిపతికి ఉత్తరం ఇచ్చి రెండు రోజులు అనుమతి తీసుకున్నాను, రుసుము ఏమీ లేదు. రాత్రి తొమ్మిదింటికి కోనసీమ నుంచి కొబ్బరి దింపు కార్మికుణ్ణి తెచ్చారు. చెట్టుమీది నుంచి పాదాలమీద పడటంతో రెండు మడమలూ వాచిపోయాయి. మొదటి సంవత్సరం పీజీ మడమల ఎక్స్‌రేతో ఆగకుండా, అతణ్ణి లేవనివ్వకుండానే నడుముకూ ఎక్స్‌రే రాసింది. ఎత్తునుంచి పడి మడమ ఎముక విరిగినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నెముక కూడా విరుగుతుందని పుస్తకంలో చదివాను. ఆ రాత్రి ఫిల్ముపై మొదటి నడుము వెన్నుపూస నలిగి ఉండటం చూశాను.

తర్వాత ఆరేళ్ల పిల్లవాడు వచ్చాడు. జామచెట్టుమీది నుంచి పడి మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది, దాన్ని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారు. ఇంట్లోవాళ్లు ముందు నాటుకట్టు వేయించారు. దాన్ని విప్పేసరికి వేళ్లు రక్తం సరిగా అందక చల్లగా, పాలిపోయి ఉన్నాయి. థియేటర్‌లో రెండో సంవత్సరం పీజీ పిల్లవాడి చేతిని లాగి, పక్కకు జరిగిన ముక్కను సరిచేసి, మోచేతిని వంచి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద, ముక్కలను నిలిపే సన్నని లోహపు తీగ కే-వైరు పట్టింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు ఎక్స్‌రే కిరణాలను ఆపే లెడ్ ఏప్రాన్ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. లోపలివైపు వైరు వేసేముందు మాత్రం, "అక్కడ అల్నార్ నరం ఉంటుందమ్మా, బొటనవేలితో వెనక్కి జరిపి పట్టుకో" అన్నారు. డ్రిల్లు ఆమె చేతిలోనే ఉంది. చివరికి ఆమె పిల్లవాడి మణికట్టు దగ్గర నాడి చూసి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి వచ్చింది. ఆయన అది చూశాకే ఏప్రాన్ విప్పారు.

ఇక్కడి ఇబ్బందులూ ఉన్నాయి. హాస్టల్ గదిలో గోడలు చెమ్మగా ఉన్నాయి. మొదటి ఏడాది నిద్ర సరిగా ఉండదు. అత్యవసర కేసులే ఎక్కువ కావడంతో కీలుమార్పిడి, ఆర్థ్రోస్కోపీ (చిన్న గొట్టపు కెమెరాతో కీలు లోపల చేసే ఆపరేషన్) తక్కువగా చూస్తారు. నిబంధనల ప్రకారం మూడు నుంచి ఐదో సెమిస్టర్ల మధ్య మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి కాబట్టి, ఆ కాలంలో ఎక్కడికి పంపుతారో ముందే అడగండి. బలం సరిపోతుందా అని ఆ రెండో సంవత్సరం అక్కను అడిగాను. "లాగడానికి ట్రాక్షన్ టేబుల్ ఉంది, ఎత్తు చాలకపోతే పీట వేసుకుంటాను" అంది.

ప్లాస్టర్ గది నేలంతా తెల్లగా గట్టిపడి ఉంది. నా చెప్పులకు అంటిన ఆ తెలుపు ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. ఆప్షన్లలో ఆ ఆసుపత్రిని మొదట పెట్టాను, అద్దాల కళాశాలను అసలు పెట్టలేదు. తిరుగు బస్సు సిద్ధాంతం వంతెన ఎక్కుతుండగా నాన్నగారు ఇంటికి ఫోను చేశారు. గురువారం మా కొబ్బరి దింపుకు వచ్చే అతణ్ణి వానకు తడిసిన చెట్లు ఆరేదాకా ఎక్కవద్దని చెప్పమన్నారు.