పాత కైరో చిత్రాలకు మల్లేశ్వరంలో ప్రింట్లు, ఫ్రేములు

కైరో నగరాన్ని తొలితరం ఫొటోగ్రాఫర్లు తీసిన చిత్రాలకు కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది కనుక, వాటిలో చాలావాటి పెద్ద ఫైళ్లను మ్యూజియంలు ఉచితంగానే ఇస్తున్నాయి. అలాంటి కొన్నింటికి బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక చిన్న దుకాణంలో ప్రింట్లు వేయించి, ఫ్రేములు కట్టించుకున్నాను. పాత ఫొటోల మీద మమకారం ఉన్నవారు ధైర్యంగా ఇవ్వదగిన చోటు అది.

1856-60 మధ్య మూడుసార్లు ఈజిప్టు వైపు ప్రయాణించిన ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ ఫ్రిత్ వంటివారు గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రావణం పూసి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, గుడారంలోనే డెవలప్ చేసేవారు. ఆ పలక మీద నీలిరంగు ప్రభావం ఎక్కువ కాబట్టి ఆకాశం తెల్లగా, ఖాళీగా వస్తుంది. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ప్రింటు గోధుమ వన్నెలో ఉండి, కాలం గడిచేకొద్దీ పసుపు తేలుతుంది. ఇంతకుముందు మరొకచోట ఆ వన్నెను లోపమనుకొని తీసేసి, కాంట్రాస్టు పెంచేసరికి నీడలోని రాతిపనంతా మసిలో కలిసిపోయింది. ఇక్కడ యజమాని, హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, “రంగు ఉన్నదున్నట్టు ఉంచమంటారా సార్?” అని ముందే అడిగి, చిన్న ముక్క మీద నమూనా వేసి చూపించారు.

అన్నిటికన్నా పెద్దగా వేయించినది సుల్తాన్ హసన్ మసీదు చిత్రం. అప్పట్లో ఈజిప్టును ఏలిన మమ్లూక్ సుల్తానుల కాలపు ఈ 14వ శతాబ్దపు కట్టడానికి పక్కనే ఇప్పుడు కనిపించే అల్ రిఫాయీ మసీదు పని 1869లో మొదలై 1912లో ముగిసింది; చిత్రం అంతకు ముందుది కనుక ఆ భారీ గోడ పక్కన పోటీ లేకుండా నిలబడి ఉంటుంది. గోడలోకి లోతుగా దిగిన నిలువు గూళ్లు, వాటిలో ఒకదానిపై ఒకటిగా కిటికీలు, రాతి వరుసల మధ్య అతుకులు, అన్నీ ప్రింటులో విడివిడిగా తెలుస్తున్నాయి. రెండు మినార్లలో పొట్టిది 17వ శతాబ్దంలో కూలిన తరువాత తిరిగి కట్టినదన్న సంగతి, వాటి ఎత్తుల తేడా చూస్తే ఇట్టే బోధపడుతుంది.

లోపాలు లేకపోలేదు. మామూలు అద్దం వేయడం వల్ల ఎదురుగా ఉన్న కిటికీ అందులో ప్రతిబింబిస్తుంది. మెరుపులేని అద్దం కావాలని ముందే చెప్పాలి. ఒక చిత్రంలో పలక అంచున కొలోడియన్ చారలు చిత్రం చుట్టూ వేసే అట్ట కింద దాగిపోయాయి, అయితే చెప్పగానే అట్టను కొత్తగా కోసి ఇచ్చారు. ధర కాస్త ఎక్కువే. 1842లో తూర్పు దేశాలకు బయలుదేరిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ జిరో ద ప్రాంజే మినార్ల కోసం సన్నగా, నిలువుగా కోసుకున్న పలకల చిత్రాలకు కూడా అదే కొలతలో ఫ్రేము చేస్తామన్నారు. తరువాత ఇవ్వబోయేవి అవే.