వారంటీ ముగిశాక మళ్ళీ మళ్ళీ వెలిగే ఇంజిన్ లైటు: కంపెనీ సర్వీసా, బయటి మెకానికా?

వారంటీ ఉన్నన్నాళ్ళూ ఒకటి రెండుసార్లు వెలిగి ఆరిపోయిన చెక్ ఇంజిన్ లైటు, గడువు దాటగానే తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్‌ను చెరిపేస్తారు. కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటుంది, మళ్ళీ వెలుగుతుంది. ఇక మీదట ఖర్చు పూర్తిగా మనదే కాబట్టి, బండిని ఎవరి చేతిలో పెట్టాలన్నది ఆలోచించవలసిన విషయమే.

ముందుగా ఒక మినహాయింపు. లైటు నిలకడగా వెలగకుండా క్షణక్షణం ఆరుతూ వెలుగుతూ (బ్లింక్ అవుతూ) ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టండి. ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండక మిస్‌ఫైర్ అవుతోందని దాని అర్థం. మండని ఇంధనం, ఎగ్జాస్ట్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని విపరీతంగా వేడెక్కించి పాడు చేస్తుంది. వెంటనే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా సురక్షితమైన చోట బండి ఆపడమే మంచిది.

కోడ్ చెరిపేయడం మరమ్మతు కాదు. చాలా లోపాల విషయంలో ఇంజిన్ కంప్యూటర్ మొదటిసారి అనుమానాన్ని నమోదు చేసుకుని ఊరుకుంటుంది. ఆ తర్వాతి ప్రయాణంలోనూ అదే లోపం కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. కోడ్ చెరిపితే ఆ లెక్కంతా మొదటికి వస్తుంది. ఆ లోపాన్ని చూసే పరీక్ష మళ్ళీ జరిగేదాకా లైటు రాదు గనుక బాగైపోయిందనిపిస్తుంది. పైగా, లోపం తలెత్తిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, లోడ్ ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్ భద్రపరచిన వివరాలు కూడా చెరిగిపోతాయి. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపాన్ని పట్టుకోవడానికి అంతకంటే విలువైన ఆధారం లేదు. అందుకే ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఆ వివరాలన్నీ ఫొటో తీసుకోండి. స్టీరింగ్ కింది పోర్టులో పెట్టి ఫోనులో చూసుకునే చిన్న స్కానర్ దీనికి సరిపోతుంది. చదవడానికే వాడండి, చెరపడానికి వద్దు.

ఇక అసలు తూకం. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఉన్న పెద్ద బలం సమాచారం. ఒకే మోడల్‌లో తరచూ వచ్చే లోపాలపై తయారీదారు పంపే సాంకేతిక బులెటిన్లు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వాళ్ళకు నేరుగా అందుతాయి. కొన్నిసార్లు ఆ అప్‌డేట్‌తోనే సమస్య తీరిపోతుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. మెకానిక్‌కు ఒక్కో బండికి ఇచ్చే సమయం తక్కువ. వైరును వెంట పట్టుకుని వెతకడం కన్నా సెన్సర్ మార్చేయడం తేలిక. పి0420 కోడ్ వస్తే కన్వర్టరే మార్చాలంటారు. నిజానికి కన్వర్టర్ సామర్థ్యం తగ్గినట్టు కనిపిస్తోందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎగ్జాస్ట్ గొట్టంలో లీకు ఉన్నా, వెనకవైపు ఆక్సిజన్ సెన్సర్ తప్పు చూపినా అదే కోడ్ రావచ్చు.

మంచి బయటి మెకానిక్ బలం ఓపిక. పి0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఆ సిలిండర్‌లో స్పార్క్‌కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి నడిపి చూస్తాడు. కోడ్ పి0303గా మారితే దోషం కాయిల్‌దే. కొత్త భాగం కొనకుండానే నిజం తేలింది! గాలి లీకు అనుమానముంటే పొగ పంపి చూస్తాడు, కనెక్టర్లు విప్పి తుప్పు ఉందేమో చూస్తాడు. అయితే ఇదంతా మనిషిని బట్టి ఉంటుంది. కోడ్ చదివి వరసగా భాగాలు మార్చుకుంటూ పోయేవాడైతే కంపెనీకి వెళ్ళడమే నయం.

నా తీర్పు ఒక్క కాగితం మీద ఆధారపడుతుంది: సర్వీస్‌కు ఇచ్చినప్పుడు ఫిర్యాదులు రాసుకునే పాత జాబ్ కార్డు. వారంటీ ఉండగానే ఈ లైటు గురించి ఫిర్యాదు చేసి, అది అందులో నమోదై ఉంటే, ముందు కంపెనీ దగ్గరికే వెళ్ళండి. అది గడువు లోపల మొదలైన లోపం, వాళ్ళు పూర్తిగా సరిచేయనిది. కౌంటర్ దగ్గర నోటిమాటగా కాకుండా, తేదీలు, కిలోమీటర్లు, కోడ్‌లు రాసి తయారీదారు కస్టమర్ విభాగానికి లిఖితపూర్వకంగా పంపండి. గడువు దాటి కొద్ది కాలమే అయితే, ఖర్చులో కొంతైనా కంపెనీ సద్భావంతో భరించిన సందర్భాలు ఉంటాయి. వారంటీలో మార్చిన భాగమే మళ్ళీ చెడితే దానికి విడి గ్యారంటీ ఉందేమో, ఉద్గార నియంత్రణ (పొగ కాలుష్యాన్ని తగ్గించే) భాగాలకు వారంటీ ఇంకా మిగిలి ఉందేమో కూడా అడగండి. ఆ జవాబు వచ్చేదాకా బయట ఏదీ విప్పించకండి. విప్పితే నెపం అటు నెట్టేస్తారు.

లైటు వారంటీ తర్వాతే మొదటిసారి వచ్చిందా? అప్పుడు మిస్‌ఫైర్, గాలి లీకు, సెన్సర్ల వంటి వాటికి నమ్మకమైన బయటి మెకానికే మేలు. ఇంజిన్ కంప్యూటర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, హైబ్రిడ్ బ్యాటరీ వ్యవస్థ అయితే కంపెనీయే. పెట్రోలు ఆవిరి ఎక్కడో లీకవుతోందని చెప్పే పి0455 కోడ్ వస్తే మాత్రం ఎక్కడికీ వెళ్ళక ముందు పెట్రోలు ట్యాంకు మూత బిగించి, దాని రబ్బరు చిట్లిందేమో చూడండి.

ఎక్కడికి వెళ్ళినా, భాగం మార్చడానికి ఒప్పుకునే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఏ పరీక్ష చేసి ఇదే పాడైందని తేల్చారు?" జవాబు "కోడ్ చూపించింది" అనే అయితే బండి తాళాలు వెనక్కి తీసుకోండి.