అమ్మానాన్నలతో షాపింగ్: డెల్ఫ్టా, ఉట్రెక్టా?

ఇండియా నుంచి పెద్దవాళ్లు నెదర్లాండ్స్ వస్తే, ఒకరోజు పాత ఊళ్లో షాపింగ్ తప్పదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాల్వర్‌స్ట్రాట్ షాపింగ్ వీధి రద్దీలో వాళ్లను తిప్పడం నాకిష్టం ఉండదు. అక్కడి చెయిన్ షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కాబట్టి నా లెక్కలో పోటీ డెల్ఫ్ట్‌కీ ఉట్రెక్ట్‌కీ మధ్యే.

అయితే ఊరికంటే ముందు వారం చూసుకోవాలి. సోమవారం చాలా కొట్లు మధ్యాహ్నానికి గానీ తెరవరు. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. మనవాళ్లు టిఫిన్లు కానిచ్చి తీరిగ్గా బయల్దేరితే మిగిలేది విండో షాపింగే.

డెల్ఫ్ట్‌కి గురువారం వెళ్లాలి. పెద్ద చర్చికీ టౌన్‌హాల్‌కీ మధ్య ఉన్న మార్క్ట్ మైదానమంతా సంత, దగ్గర్లోనే పూల సంత. చీజ్ రుచి చూసి కొనుక్కోవచ్చు. కానీ సంప్రదాయ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఇంట్లో శాకాహారులుంటే ముందే అడగండి, తిన్నాక తెలిస్తే ఆ గొడవ వేరు.

డెల్ఫ్ట్‌కి వెళ్లేది ముఖ్యంగా నీలి పాత్రల కోసం, అంటే తెలుపు మీద నీలి బొమ్మలు వేసినవి. చూడ్డానికి పింగాణీలా ఉన్నా అది మట్టిపాత్రే, తగిలితే పెచ్చు లేస్తుంది. చేత్తో వేసినప్పుడు రంగు నల్లగా ఉంటుంది, బట్టీలో కాలాక నీలమవుతుంది. కుంచె ఒత్తిడిని బట్టి ఒక్క పువ్వులోనే లేత నీలం, ముదురు నీలం కనిపిస్తాయి. అచ్చు వేసిన సరుకులో గీతలన్నీ ఒకేలా ఉంటాయి. పాత్ర తిరగేసి చూడండి: 1653 నాటి రాయల్ డెల్ఫ్ట్ కార్ఖానా వాళ్ల చేతిపని అయితే అడుగున చిన్న కూజా గుర్తు, చిత్రకారుల పొడి అక్షరాలు ఉంటాయి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. బంధువులందరికీ పంచడానికైతే అచ్చు సరుకు చాలు, అందులో నామోషీ ఏం లేదు.

ఉట్రెక్ట్‌కి శనివారం. స్టేషన్‌ని ఆనుకుని ఉన్న హూఖ్ కాతరైన్ మాల్‌లో ఆగకండి, హైదరాబాద్ మాల్స్ చూసినవాళ్లకు అక్కడ కొత్తేం లేదు. నేరుగా బ్రేడ్‌స్ట్రాట్‌లోని బట్టల సంతకు వెళ్లండి. 1597 నుంచి నడుస్తోందని చెబుతారు. తానుల్లోంచి మీటర్ల లెక్కన కోసిస్తారు. బొత్తాలు, జిప్పులు, మిగులు ముక్కలు కూడా దొరుకుతాయి. కుట్టుపని తెలిసిన అమ్మను అక్కణ్నుంచి కదిలించడం కష్టం. మధ్యాహ్నానికి సర్దేస్తారు కాబట్టి పొద్దున్నే చేరుకోవాలి. ఆ తర్వాత యాన్స్‌కెర్క్‌హాఫ్ మైదానంలో పూలు, ఔడెగ్రాఖ్ట్ కాలువ ఒడ్డున కొట్లు. నీటి మట్టంలో ఉన్న నేలమాళిగ హోటళ్లకు మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులుంటే పైనే తినండి.

ఒక్కరోజే కుదిరితే నా ఓటు ఉట్రెక్ట్ శనివారానికే. నీలి పాత్రే కావాలని పట్టుబడితే తప్ప డెల్ఫ్ట్ రెండో రోజుకి.

ఏ ఊరైనా, ట్యాక్స్ రీఫండ్ ఇచ్చే కొట్లో ఒకే బిల్లు 50 యూరోలు దాటితే ఫారం అడగండి. అది మనలా ఇక్కడ కాపురమున్నవాళ్లకు వర్తించదు, కాబట్టి బిల్లు పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ మీదే చేయించాలి. ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేస్ చెక్-ఇన్ చేయకముందే కస్టమ్స్ వాళ్ల దగ్గర ధ్రువీకరణ చేయించుకోవాలి, అడిగితే సరుకు చూపించాలి.