గుల్మార్గ్: మంచు కాలంలోనూ పచ్చిక కాలంలోనూ

కొన్నేళ్లుగా చలికాలంలోనూ వేసవిలోనూ కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు వెళ్లివస్తున్నాను. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా పిల్లల సెలవులను బట్టి మే నెలలో వెళ్లి, పొద్దున్నే శ్రీనగర్‌లో బయలుదేరి, గండోలా (తీగ మీద కొండపైకి వెళ్లే కేబుల్ కారు) ఎక్కి దిగి, చీకటి పడేలోగా తిరుగుముఖం పడతాయి. అంత దూరం వెళ్లి ఆ ఊరికి ఒక్క పూటే కేటాయించడం నాకు బాధగా ఉంటుంది. ఏ కాలంలో వెళ్లినా అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

చలికాలపు ప్రయాణానికి నేను ఫిబ్రవరినే ఎంచుకుంటాను. డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే 'చిల్లై కలాన్'లో చలి ఎముకలు కొరుకుతుంది గానీ, ఆ రోజుల్లో మంచు తప్పకుండా ఉంటుందన్న భరోసా ఇప్పుడు లేదు. 2024 జనవరిలో వాలులన్నీ ఎండుగడ్డితో బోసిగా మిగిలిపోయాయి. మంచు దట్టంగా కురిసినప్పుడు టంగ్‌మార్గ్ నుంచి పైకి వెళ్లే 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో చక్రాలకు గొలుసులు కట్టిన స్థానిక వాహనాలే దిక్కు. గది తీసుకునే ముందు అద్దె కంటే వెచ్చదనం గురించి గట్టిగా అడగాలి. ఒక హోటల్లో రాత్రంతా హీటర్ నడుస్తుందని చెప్పి, కరెంటు పోయాక జనరేటర్ వేయకపోవడంతో కోట్లు తొడుక్కునే పడుకోవలసి వచ్చింది. కట్టెల బుఖారీ (గదిని వెచ్చబరిచే పొయ్యి) ఉన్న గది దొరికితే అదే మేలు.

స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవారికి గోల్ఫ్ మైదానం దగ్గరి చిన్న వాలులు సరిగ్గా సరిపోతాయి. అక్కడ అద్దెకిచ్చే సామానులో అన్నిటికంటే ముఖ్యంగా చూసుకోవలసినవి బూట్లు. నిటారుగా నిలబడితే కాలివేళ్లు బూటు కొసకు కొద్దిగా తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. ఇంత చూడకుండా తీసుకుంటే శిక్షకుడు ఎంత బాగా నేర్పినా పాదం మాట వినదు. రెండు స్కీల ముందు కొసలను దగ్గరికి, వెనక కొసలను దూరంగా జరిపి వేగం తగ్గించడమే తొలి పాఠం. అది ఒంటపట్టడానికి నాకు పూర్తిగా రెండు పూటలు పట్టింది కాబట్టి, గంటలో నేర్పేస్తామనేవారిని నమ్మవద్దని చెబుతాను.

గండోలా మొదటి దశ కొంగ్‌దూరి వరకు, 2005లో ప్రారంభమైన రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వత్ కొండ వరకు వెళుతుంది. పైనుంచి కిందికి జారేది ఎక్కువగా చదును చేయని సహజమైన మంచు. ఆరితేరినవారికి అది స్వర్గమే గానీ, హెచ్చరికలను లెక్కచేయనివారికి ప్రాణాంతకం. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. గైడు లేకుండా, గస్తీ సిబ్బంది తెరవని వాలులోకి ఎవరూ అడుగు పెట్టకూడదు.

అదే మొదటి దశలో కేబిన్ కిందుగా గుజ్జర్ల (పశువుల కాపరుల) మట్టికప్పు ఇళ్లు కనిపిస్తాయి. ఫిబ్రవరిలో అవి కప్పుల దాకా మంచులో కూరుకుపోయి, మనిషి అలికిడి లేకుండా ఉంటాయి. జూన్‌లో ఆ కప్పుల మీద గడ్డి మొలిచి, పొగ లేస్తూ, ముంగిట గొర్రెలు మేస్తుంటాయి. రెండు కాలాల్లోనూ ఆ ఊరిని చూడాలని నేను పట్టుబట్టడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

వేసవిలో గండోలా టికెట్టు దొరకలేదని దిగులు పడనక్కరలేదు, ఎందుకంటే ఆ కాలంలో గుల్మార్గ్ నడిచేవారి ఊరు. ఊరి చుట్టూ దేవదారు, ఫర్ చెట్ల మధ్యగా సాగే దారిలో ఉదయాన్నే బయలుదేరితే, ఆకాశం తేటగా ఉన్న రోజున 8,126 మీటర్ల నంగా పర్బత్ ఉత్తరాన కనిపిస్తుంది. పదకొండు దాటాక మబ్బులు కమ్ముతాయి, శ్రీనగర్ వాహనాలు దిగుతాయి, గుర్రాలవాళ్ల బేరాలు మొదలవుతాయి. గుర్రం ఎక్కేటట్లయితే ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో, మొత్తం ఎంతో ముందే తేల్చుకోవాలి. సాయంత్రం వాళ్లంతా వెళ్లిపోయాక 1902 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఎదుటి పచ్చిక దాదాపు ఖాళీగా ఉంటుంది. ఒక్క పూట కోసం వచ్చినవారికి దక్కనిది ఆ సమయమే.

పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే మొదటి దశతోనే ఆగడం మంచిది. రెండో దశ చివర గాలి పలుచగా ఉండి, నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. ప్రీపెయిడ్ సిమ్ మన రాష్ట్రాలది అయితే జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు కాబట్టి, కుటుంబంలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండేటట్లు చూసుకోవాలి. ఈదురుగాలులు వీస్తే రెండో దశను ఆపేస్తారు కాబట్టి, టికెట్లను చివరి రోజుకు కాక మొదటి రోజు ఉదయానికే తీసుకోవడం మేలు.