రొయ్యల ప్లాంటులో ఐదు సర్వర్లు: గడియారం దిద్దుకోవడానికి ఏది మేలు?

తలుపు తెరవకముందే గది వేడెక్కిందట. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకు కంప్యూటర్ల పని చూస్తుంటాను. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత రాత్రి 2.11కు పెరగడం మొదలైందని ఒక సర్వర్ లాగ్ చెప్పింది. తలుపు 2.14కు తెరిచారని ఇంకో సర్వర్ చెప్పింది. ఆడిటర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీటిలో దేన్ని నమ్మమంటారు?" అని అడిగారు. కంప్రెసర్‌లో లోపం లేదు, కాపలాదారు తప్పూ లేదు. రెండు గడియారాలకు మూడు నిమిషాల తేడా, అంతే.

సర్వర్‌లో కాలాన్ని లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్లు తప్పినా రోజుకు 1.7 సెకన్లు అవుతుంది. మూడున్నర నెలలు ఎవరూ పట్టించుకోకపోతే మూడు నిమిషాలు. పైగా స్ఫటికం వేడికి ఒక తీరుగా, చలికి ఒక తీరుగా నడుస్తుంది. మా యంత్రాల్లో ఒకటి కంప్రెసర్ గది పక్కన ఉంటుంది, ఇంకోటి ఏసీ గదిలో. అవి వాటంతట అవి కలిసి నడుస్తాయనుకోవడం మా పొరపాటు.

అందరూ మొదట చేసేది ప్రతి సర్వర్‌నూ ఇంటర్నెట్‌లోని టైం సర్వర్‌కు తగిలించడం. డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద సమయం అడిగి గడియారం దిద్దుకునే పద్ధతి) 1985 నుంచీ ఈ పని చేస్తోంది. ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి పట్టిన సమయంలో సగాన్ని దారి ఖర్చుగా లెక్కేస్తుంది. రాకపోకలకు సమానంగా పడుతుందన్నది దాని నమ్మకం. మా దగ్గర రాత్రిపూట కెమెరాల వీడియో పైకి వెళ్తున్నప్పుడు పోయే దారి కిక్కిరిసి, వచ్చే దారి ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఆ తేడాలో సగం గడియారంలో తప్పుగా కూర్చుంటుంది. అయినా అది మిల్లీసెకన్ల మాట. తలుపు లాగ్‌కు లెక్కలోకి రాదు. ఎవరిని అడగాలన్న చర్చ కూడా అక్కర్లేదు: ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ, జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌పీఎల్ సర్వర్లను గానీ, వాటితో సరిచూసుకున్న వాటిని గానీ వాడాలని, సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు ఇచ్చింది.

ఈ పద్ధతి లోపం తీగ తెగినప్పుడు బయటపడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మాకు మూడు రోజులు ఇంటర్నెట్ లేదు. ఐదు సర్వర్లూ ఎవరి దారి వారు పట్టాయి. నెట్ తిరిగి వచ్చేసరికి ముందున్నదానికీ వెనకున్నదానికీ తొమ్మిది సెకన్లు ఎడం.

అందుకే రెండో పద్ధతికి మారాను, నా ఓటు దీనికే. ఒక యంత్రంలో క్రోనీ అనే ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్ పెట్టి దాన్ని మాత్రం బయటి నాలుగు సర్వర్లకు తగిలించాలి. మిగతావన్నీ దాన్నే అడగాలి. నాలుగు ఎందుకంటే, రెండే ఉండి పొంతన లేకుండా మాట్లాడితే ఎవరిది తప్పో తెలియదు. మూడుంటే తెలుస్తుంది కానీ వాటిలో ఒకటి మూగబోతే మళ్లీ మొదటికే వస్తాం. క్రోనీలో 'లోకల్ స్ట్రాటమ్ 10' అనే ఒక్క వరుస రాస్తే, బయటి సర్వర్లు అందకపోయినా అది ప్లాంటులో పెద్దరికం వదలదు. తుపానులో అది లోకంతో నాలుగు సెకన్లు తప్పినా మిగతావి దాని వెంటే నడుస్తాయి. మాకు కావలసింది అదే. తలుపు ముందా, వేడి ముందా అన్నది తేలాలంటే గడియారాలన్నీ ఒకే మాట మీద ఉండాలి. ఆ మాట లోకానికి కాస్త తేడాగా ఉన్నా నష్టం లేదు. అసలు ఐఎస్‌టీ కూడా ఒప్పందమే కదా! దాని రేఖ 82.5 డిగ్రీల దగ్గర ఉంది, నెల్లూరు సుమారు 80 దగ్గర. మన సూర్యుడు సగటున పది నిమిషాలు వెనకే ఉంటాడు, ఎవరూ పేచీ పెట్టరు.

మూడోది జీపీఎస్. మేడ మీద యాంటెన్నా పెడితే తీగతో పని లేదు, తుపానుకూ భయం లేదు. కానీ తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ రిసీవర్‌ను నేను కొని చూశాను: సమయాన్ని అక్షరాల్లో పంపుతుంది, అవి కంప్యూటర్‌కు చేరడానికే ఒక్కోసారి వంద మిల్లీసెకన్లు దాటుతుంది. ఇంటర్నెట్ ఎన్‌టీపీయే దానికన్నా నయం. సెకనుకొకసారి విడిగా సంకేతం ఇచ్చే పీపీఎస్ తీగ ఉన్న రిసీవరే కొనాలి. అప్పుడు మైక్రోసెకను లోపలి లెక్క. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్ తుప్పు పడుతుందని, పిడుగు రక్షణ వేరే పెట్టాలని అమ్మేవాళ్లు చెప్పరు. అన్నీ ఒప్పుకుంటే రెండో పద్ధతికి ఇది మంచి తోడు. ఒంటరిగా మాత్రం వద్దు: 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1024 దాటి మళ్లీ సున్నాకు వచ్చినప్పుడు, కొన్ని పాత రిసీవర్లు తేదీలు తప్పు చూపాయి.

ఇక పీటీపీ, అంటే స్థానిక నెట్‌వర్క్‌లో గడియారాలను ఇంకా కచ్చితంగా కలిపే పద్ధతి. ఒక అమ్మకందారు దీన్నే కొనమని మా యజమాని చుట్టూ రెండు నెలలు తిరిగాడు. పేరున్న పద్ధతే. ప్యాకెట్ వచ్చిన క్షణాన్ని సాఫ్ట్‌వేర్ కాకుండా నెట్‌వర్క్ కార్డే నమోదు చేస్తుంది, దానికి తగిన నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల తీగలను కలిపే పెట్టె) కూడా తన దగ్గర జరిగిన ఆలస్యాన్ని లెక్కలోకి తెస్తుంది. మైక్రోసెకనుకు లోపే నిలుస్తుంది. విద్యుత్ గ్రిడ్‌లో ఇది విలాసం కాదు. 50 హెర్ట్జ్ తరంగంలో ఒక మైక్రోసెకను అంటే 0.018 డిగ్రీ, ఊళ్ల మధ్య ఫేజ్ కోణాలు (తరంగం ఏ క్షణాన ఎక్కడి దాకా వచ్చిందన్న లెక్క) పోల్చాలంటే అలాంటి లెక్కే కావాలి. కానీ దారిలో ఒక్క మామూలు స్విచ్ ఉన్నా ఆ గొప్పతనం చాలావరకు అక్కడే కరిగిపోతుంది. మా స్విచ్‌లన్నీ మామూలువే. అన్నీ మార్చి, పది సెకన్లకొకసారి కొలిచే థర్మామీటర్‌కు మైక్రోసెకన్లు చూపించమంటారా?

ప్లాంటులో ఇప్పుడు క్రోనీ ఉన్న ఒక చిన్న పెట్టె, దానికి తోడుగా పీపీఎస్ రిసీవర్ నడుస్తున్నాయి. మొదట్లో సర్వర్లనే కలిపి, గేటు దగ్గరి హాజరు యంత్రాన్ని మరిచిపోయాను. దాన్నీ పెట్టెకు తగిలించిన రోజు అది ఆరు నిమిషాలు ముందుందని తెలిసింది. ఐదు నిమిషాలు దాటితే ఆలస్యం కింద కూలి కోత ఉండేది. రొయ్యలు ఒలిచే ఒకావిడ మర్నాడు నన్ను ఆపి అడిగింది: "అంటే ఇన్నాళ్లూ మేము వేళకే వచ్చామన్నమాటే కదా సార్?"