ఎడారి ఎండలో ఏడేళ్ల డెక్: ఖర్చు ఎక్కడ పెరిగిందంటే

పెరట్లో చెక్క డెక్, అంటే కూర్చోవడానికి పలకలతో వేసే అరుగు, వేయించి ఈ వేసవికి ఏడేళ్లు. నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, నేల మీద నుంచి మోకాలెత్తు. మేముండేది ఎడారి వాతావరణం. వాన పడే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వేసవి మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలే. డబ్బుల్లో చెప్తే చోటుకో రేటు కాబట్టి, మొదట ఇచ్చిన అంచనాను 100 అనుకుని చెప్తాను.

ఆ 100లో పలకలకు 30, కింది దూలాలు, స్తంభాలు, పునాదులకు 35, కూలీకి 30, స్క్రూలకూ నూనె పూతకూ 5. నీడకు ఏమీ పెట్టుకోలేదు. "ముందు పందిరి సంగతి చూడండి, పలకలు తర్వాత చూద్దాం" అని మేస్త్రీ చెప్పాడు. పని పెంచుకోవడానికి చెప్తున్నాడనుకున్నాను.

పునాదుల దగ్గర మిగులుతుందని ఆశపడ్డాను. చలి దేశాల్లో అయితే నేల గడ్డకట్టే లోతు దాటి తవ్వాలి, ఇక్కడ ఆ బెడద లేదు. రెండో గుంతలో అడుగున్నర దిగేసరికి గడ్డపార టంగుమంది. కాలిచే అంటారట, సున్నం పేరుకుని రాయిలా బిగిసిన పొర. ఎడారి నేలల్లో ఇది కొత్తేమీ కాదు. బ్రేకర్ అద్దెకు తెచ్చి రెండు రోజులు పగలగొట్టించాం. డెక్ పూర్తయ్యేసరికి 100 కాస్తా 108 అయింది. మీరు కట్టించుకునేటట్టయితే కొటేషన్ తీసుకోకముందే ఒక గుంత తవ్వించి చూడండి.

పలకలు కుళ్లకుండా మందు పట్టించిన పైన్ చెక్కవి. కొన్నప్పుడు ఇంకా తడిగానే ఉన్నాయి, చేత్తో ఎత్తితే తెలుస్తుంది. అయినా మధ్యలో అయిదు మిల్లీమీటర్ల సందు వదిలి బిగించారు. రెండు నెలల్లో పొడిగాలికి ఎండి ఒక్కో పలకా ముడుచుకుపోయింది, సందు సెంటీమీటరు దాటింది. ఇంటి తాళంచెవి అందులోంచి కిందికి జారితే పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి తెచ్చుకున్నాను. తడి పలకల్ని ఒకదానికొకటి ఆనించి బిగించాలట, ఎండాక సందు దానంతటదే వస్తుందట.

కుళ్లిపోతుందన్న భయం మాత్రం దాదాపు లేదు. చెక్క కుళ్లాలంటే తడి ఉండాలి కదా. ఏడేళ్లలో పాడైంది ఒక్క మూల మాత్రమే, అదీ మొక్కల కుండీలకు డ్రిప్ పైపు పెట్టినచోట. ఎడారిలో చెదలుండవని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ తడికి అక్కడే పుట్ట పెట్టాయి.

ఇక్కడ చెక్కకు అసలు శత్రువు ఎండ. మొదటి ఏడాదికే పైభాగం బూడిదరంగుకు తిరిగింది, రెండో ఏడాదికి నిలువునా సన్నటి పగుళ్లు, ఆ పగుళ్ల అంచుల్లోంచి పేళ్లు. ఒక సాయంత్రం మా చిన్నాడి అరికాల్లోంచి అగ్గిపుల్లంత పేడు తీశాను. ఆ రోజుతో వాడు డెక్ మీదికి చెప్పుల్లేకుండా రావడం మానేశాడు. గరుకు కాగితం పట్టడం, నూనె పూయడం, పైకి లేచిన స్క్రూలు బిగించడం ప్రతి చలికాలం చేయాల్సిందే. పని నేనే చేసుకున్నా సామానుకే ఏడాదికి 4.

దక్షిణం వైపు సగం మరీ పాడైతే మూడో ఏడాది చివర అక్కడ కాంపోజిట్ వేయించాను. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు. నూనె అక్కర్లేదు, పేళ్లు లేవు, అంతవరకూ నిజమే. కాకపోతే చెక్కకని 60 సెంటీమీటర్లకొకటి పెట్టిన దూలాలు దీనికి చాలవు, 40కి ఒకటి ఉండాలన్నారు. మళ్లీ దూలాలు. పలకలు, క్లిప్పులు, కూలీ అన్నీ కలిపి సగం డెక్‌కే 45 అయింది.

కాంపోజిట్ వేడికి పొడవునా సాగుతుందన్నది నాకు అనుభవం మీదే తెలిసింది. అయిదు మీటర్ల పలక చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మధ్యాహ్నానికీ మధ్య సెంటీమీటరుకు పైనే తేడా చూపిస్తుంది. మాది చలి ఉదయాన బిగించారు, చివర వదిలిన సందు చాల్లేదు. వేసవి వచ్చేసరికి మూడు పలకలు గోడకు తన్ని మధ్యలో వీపు లేపాయి. కొసలు కోయించాల్సి వచ్చింది. ఇంకో పలకైతే ఒక్కచోటే మెత్తబడి వంగింది. ఎందుకో చాలా రోజులు అంతుబట్టలేదు. కిటికీకి వేడి ఆపే పూత అద్దం ఉంది, దాని మీద పడిన ఎండ తిరిగి సరిగ్గా ఆ చోటే కొడుతోంది! కిటికీకి బయట జాలీ కట్టాక ఆగింది.

వేడి సంగతి అంకెల్లోనే చెప్పాలి. గాలి 42 ఉన్న మధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టి చూస్తే పైన్ 58, ముదురు గోధుమరంగు కాంపోజిట్ 69. రంగు షోరూములో ఏసీ కింద నిలబడి ఎంచుకున్నాం మరి. లేతరంగు తీసుకుని ఉంటే కొంతైనా తగ్గేది. సూర్యుడు దిగిన గంట తర్వాత కూడా దాని మీద చెప్పుల్లేకుండా నిలబడటం కష్టం.

అయిదో ఏడాది చివర బుద్ధొచ్చి ఇనుప స్తంభాల మీద పందిరి వేయించాను, అడ్డపట్టీలు దగ్గరగా పెట్టించి. 50 అయింది. అప్పటిదాకా ఏడాదిలో నాలుగైదు నెలలు అటువైపు తొంగి కూడా చూడని మేము ఇప్పుడు వేసవిలో కూడా ఎండ తగ్గగానే అక్కడే కూర్చుంటున్నాం. పైన్ వైపు నూనె కూడా ఏటా అక్కర్లేకుండా పోయింది, ఈ రెండేళ్లలో ఒక్కసారే పూశాను.

మొదటి కట్టుబడి 108, నూనెకు (మూడేళ్ల తర్వాత సగం డెక్‌కే కాబట్టి) ఇప్పటిదాకా 18, కాంపోజిట్‌కు 45, పందిరికి 50. మొత్తం 221. మొదటిరోజే పందిరి వేసుంటే కాంపోజిట్ 45 మిగిలేదనే నా నమ్మకం. మా ఆవిడ ఒప్పుకోదు, తనకు ఆ పేళ్లంటే ఇప్పటికీ టెన్షన్.

ఈ మధ్యే పైన్ వైపు ఒక పలక విప్పి తిరగేసి చూశాను. అడుగు భాగం కొన్ననాటి లేత ఆకుపచ్చ ఛాయతో అలాగే ఉంది, ఒక్క పగులూ లేదు, కాస్త వంపు తిరిగిందంతే. వచ్చే చలికాలం మిగతావన్నీ తిరగేసి బిగించబోతున్నాను. ఖర్చు కొత్త స్క్రూలకే.